అంకె ముందు గీత

మేడమీది గది,
జూన్ రెండో వారం

బొత్తాం,

దీవెనలు.

పోయిన మంగళవారం పొద్దు అన్ని రోజుల్లాగే మొదలైంది. చీకటి ఉండగానే లేచి ప్రార్థన చేసుకున్నాను. కింద మరదలు పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడు, తమ్ముడు దుకాణం తలుపు గొళ్ళెం తీస్తూ దగ్గిన దగ్గు ఒకదాని వెంట ఒకటి వినిపించాయి. మెట్లెక్కి ఈ గది కిటికీలు తెరిచాను. తూర్పు వెలుగు ముందు కటింగ్ బల్లకు ఆ చివర పడుతుంది, తర్వాత మెల్లగా నా వైపు జరుగుతుంది. అది నా చేతి దాకా వచ్చేలోపు నిన్నటి పేలికలు ఊడ్చి, సుద్దకు కొస తీసి, కత్తెరకు ఒక చుక్క నూనె వేయాలి. వేశాను. స్కూలు యూనిఫారాల తాను బల్ల మీద పరిచి, ముడతలు పోయేలా అరచేత్తో రాశాను. ఎడమ మణికట్టు కలుక్కుమంది. కట్టు విప్పి ఇన్నాళ్ళయినా మబ్బు పట్టే సంగతి నాకంటే ముందు దానికే తెలుస్తుంది. పనికోటు తొడుక్కుంటే అంచు మోకాలి కిందికి దిగింది. కుట్టినప్పుడు పైనే ఉండేది. బట్ట సాగిందనుకుని అంచు మడిచి టాకా వేసుకున్నాను.

ఆ తర్వాత తమ్ముడు నన్ను స్కాను సెంటరుకు తీసుకెళ్ళాడు. గుమ్మం దగ్గర తడిలో కాలు జారి చెయ్యి ఆనించినందుకే మణికట్టు విరిగింది కదా. అంతమాత్రానికి విరగకూడదని ఎముకల డాక్టరు అన్నాడు. ఎముక ఎంత గట్టిగా, ఎంత చిక్కగా ఉందో కొలిచే పరీక్ష రాసిచ్చాడు. నొప్పేమీ లేదు. నేను తానులు పరిచినట్టే నన్ను బల్ల మీద పరిచారు. పైన ఒక యంత్రం మెల్లగా జరిగి పోయింది.

రిపోర్టు కోసం చెప్పిన రోజుకు నేనే వెళ్ళాను. మీ ఇంటివాళ్ళు పొద్దున్నే తీసుకెళ్ళారని కౌంటరు అమ్మాయి చెప్పింది. ఇంటికొచ్చి మరదల్ని అడిగితే డాక్టరు దగ్గర ఉంచామంది. డాక్టరు గది బయట కూర్చునే మనిషిని అడిగితే తమకెవరూ ఇవ్వలేదన్నాడు, డాక్టరు ఆగస్టు చివరిదాకా సెలవట. ఒకే కవరు రెండు చోట్లా లేదు.

మళ్ళీ అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం చెప్పించినట్టవుతుంది. కానీ నేను మెట్లు దిగుతున్న అలికిడికి వాళ్ళిద్దరి మాట ఆగిపోతోంది. ఇంతకుముందు ఆగేది కాదు.

ఫోను చెయ్యమని నువ్వంటావు. ఫోను దుకాణంలో ఉంది. అక్కడ మాట్లాడితే గోడలకే కాదు, ముందు అద్దం వెనక నిలబెట్టిన బట్టల బొమ్మలకూ వినిపిస్తుంది.

నీ అక్క


హాస్టల్ స్టోరు గది,
జూన్ చివర

అక్కయ్యా,

నమస్కారం. వార్డెన్‌గా నాకొచ్చిన విద్య ఒక్కటే. ఎవరు ఏం దాచారో మొహం చూసి చెప్పేయగలను. పిల్లలు దుప్పటి కింద దాచేవి వేరు, పెద్దవాళ్ళు నవ్వు కింద దాచేవి వేరు. నువ్వు వదిన మొహం చూసి ఉంటావు. నాకు రాయలేదంతే.

వదిన గురించి నేనేమీ అనను, ఇన్నేళ్ళలో అనాల్సినవన్నీ అనేశాను. అన్నయ్య సంగతి మాత్రం చెప్తా. పోయినసారి నేను వచ్చినప్పుడు నీ బల్ల పక్కన నిలబడి, ఈ గదికి ఎంత వెలుగు వస్తుందో చూశావా అన్నాడు. పుట్టిన దగ్గర్నుంచి వాడికి ఆ వెలుగు కనబడలేదా? అప్పుడే నాకు అనుమానం మొదలైంది.

ఎముకలు గుల్లబారాయి అన్న ఒక్క మాట చాలక్కయ్యా. నిన్ను కింద కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళకింద పీట వేసి, కాజాలు కుట్టుకోమంటారు. పైగా ఊరంతా వాళ్ళనే మెచ్చుకుంటుంది, అక్కను ఎంత బాగా చూసుకుంటున్నారో అని. నీ చేతిలో కత్తెర ఉన్నంతకాలమే నువ్వు కత్తెరమ్మవి. బల్ల దగ్గరినుంచి లేపేశాక ఎవరివి? వచ్చేవాళ్ళంతా నీ కోత కోసం వస్తారని వాళ్ళకు తెలీదా?

రిపోర్టు నీది. గుర్తింపు కార్డు పట్టుకెళ్ళి నకలు అడుగు. ఇవ్వననడానికి వీల్లేదు. ఇక్కడ హాస్టల్ పిల్లల రిపోర్టులు నేనెన్ని తెచ్చానో. అంకెలు నాకు రాసి పంపు.

ప్రార్థనలో నన్నూ తలుచుకో. నోరు అదుపులో ఉండాలని.

నీ బొత్తాం


మేడమీది గది,
జూలై

బొత్తాం,

నకలు దొరికింది. ఎలా దొరికిందో చెప్తాను, నువ్వే తేల్చు.

కౌంటరు అమ్మాయి నా కార్డు చూసి, నన్ను చూసి, మళ్ళీ కార్డు చూసింది. "మీరేనా? మొన్న వచ్చినావిడ, ఇంట్లో పెద్దావిడ చేతికివ్వకండి, కంగారు పడతారు అన్నారే" అంది. నేను కంగారు పడే మనిషినేనా అని అడిగాను. లేదండీ అని నకలు తీసిచ్చింది.

నలుపు తెలుపు కాగితం. నా వెన్నెముక బొమ్మ ఉంది, మన పాత నిచ్చెనలా. అడుగున డాక్టరు రాసిన వాక్యం నకలులో సగం తెగిపోయింది. అంకెలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. చూసినవి చూసినట్టు రాస్తున్నాను.

వెన్నెముక -2.8
తుంటి -1.9

నాన్న కొలతలు రాసినట్టే రాశారు. ముందు పేరు, తర్వాత గీత, తర్వాత అంకె. ఛాతీ -36, చెయ్యి -22. ఒక్క క్షణం నాన్నే రాశాడా అనిపించింది.

పెద్ద అంకె మంచిదా చిన్నదా అని ఆ అమ్మాయిని అడిగాను. ఇంకెవరికో రసీదు రాస్తూ, తలెత్తకుండా, ఎంత పెద్దదైతే అంత గట్టి అని చెప్పింది. కాగితం పక్కన చిన్న అక్షరాల్లో సున్నా అంటే ఏమిటో కూడా అచ్చువేశారు. మంచి వయసులో ఉన్న ఆరోగ్యవంతుల ఎముకతో సమానమట. అలాగైతే నాది సున్నాకు చాలా పైన. నాకే నమ్మకం కుదరలేదు. చిన్నప్పటినుంచి తానులు మోసిన వెన్ను కదా, అయి ఉంటుందనుకున్నాను.

అక్కడినుంచి నడిచి వస్తుంటే ఒకటే ఆలోచన. చెడ్డ రిపోర్టు దాచారంటే ప్రేమ అనుకోవచ్చు. మంచి రిపోర్టు ఎందుకు దాస్తారు?

ఇంకో రెండు సంగతులు. మొన్న ఎవరో ఒక మనిషి వచ్చి, మెట్లు మలుపు తిరిగే చోట టేపు పెట్టి వెడల్పు కొలిచి వెళ్ళాడు. టేపు పట్టుకున్న తీరు చూస్తేనే దర్జీ కాదని తెలిసింది. ఆ పక్కరోజే చంకలో సొంత కత్తెర పెట్టుకుని ఒకాయన వచ్చాడు. తమ్ముడు కింద గదిలో అతనిచేత ఒక కోటు చెయ్యి కోయించి చూశాడు. కింద మిషను మీదున్న వాళ్ళు అతన్ని కటింగ్ మాస్టారూ అని పిలవడం విన్నాను.

మన బల్ల సంగతి నీకు తెలుసు. గోడలు లేచాక బల్ల, బల్ల అయ్యాక తలుపు అని నాన్న చెప్పేవాడు. అది ఈ గదిలో పుట్టింది, ఈ తలుపులోంచి బయటకు రాదు. నేను కిందికి దిగితే దాన్ని వదిలి దిగడమే. ఎవరు ఏమన్నా నేను పట్టించుకోను. బల్ల దగ్గరినుంచి లేవమంటే మాత్రం నాకు ఏం మిగులుతుందో చెప్పలేను.

నకలు నా ప్రార్థన పుస్తకంలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

నీ అక్క


హాస్టల్ స్టోరు గది,
జూలై

అక్కయ్యా,

నీ ఉత్తరం నిలబడే చదివాను. తర్వాత కూర్చుని ఇంకోసారి.

నేనూ ఆ దుకాణంలోనే పుట్టాను, బొత్తాం మింగి ఆ పేరు తెచ్చుకున్నాను. నాన్న గీత నాకు తెలీదా. రెండు పాయింట్ ఎనిమిది! నీది వెన్నెముక కాదు, ఇస్త్రీ బల్ల కింది ఇనుప కాలు. అందుకే దాచారు. కాగితం నీ చేతికొస్తే కుర్చీలో కూర్చోమని ఏ మొహంతో చెప్తారు?

కంగారు పడతారట. వదిన ఆ మాట వాడటం నాకు కొత్తేమీ కాదు. నా పెళ్ళిచూపులు చెడిన సంగతి కూడా నేను కంగారు పడతానని వారం దాచింది. తర్వాత నేను ఎగిరి గంతేశానని అందరికీ చెప్పింది కూడా తనే. నిజమే, గంతేశాను. అది వేరే విషయం.

మెట్లు కొలిచింది ఎందుకనుకుంటున్నావు? పై గదికి కొత్త సామాను ఏదో ఎక్కించడానికి. నిన్ను దింపి, ఇంకేదో ఎక్కించడానికి.

నువ్వు గొడవ పడవని తెలుసు. పడకు. చేసి చూపించు. ఆ కటింగ్ మాస్టారు ఉన్నప్పుడే, అందరి ఎదురుగా కిందినుంచి తాను భుజాన వేసుకుని మేడెక్కు. మాటకంటే అది గట్టిగా వినిపిస్తుంది.

మా హాస్టల్‌కు ఎముకల పరీక్ష బండి వస్తోంది. అక్కకు చిన్న జారుడుకే చెయ్యి విరిగిందని చెప్తే నన్నూ తప్పకుండా చేయించుకోమన్నారు. నీకు అంత వస్తే నాకు ఇంకా ఎక్కువ రావాలి. నువ్వు బట్ట మోస్తావు, నేను బియ్యం బస్తాలు ఎత్తిస్తూ అరుస్తాను.

నీ బొత్తాం


మేడమీది గది,
ఆగస్టు మొదట్లో

బొత్తాం,

నువ్వు చెప్పినట్టే చేశాను. చెయ్యకముందు ప్రార్థన చేసుకున్నాను. జవాబేమీ వినిపించలేదు. సరేననుకున్నాను.

కోటు గుడ్డ తాను, లైనింగు తాను, రెండూ ఒకే భుజాన వేసుకున్నాను. తమ్ముడు బయటికి వెళ్ళాడు. కటింగ్ మాస్టారు గౌరవంగా పక్కకు తప్పుకున్నాడు, నేనందిస్తానండీ అన్నాడు. వద్దన్నాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి మరదలు వంటింట్లోంచి పరుగున వచ్చింది. చేతులు తడిగానే ఉన్నాయి.

"దించండి వదినా."

"ఎందుకు?"

"చెప్తే వింటారా? ముందు దించండి."

"నా రిపోర్టు ఎక్కడుంది?"

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. రెండుసార్లు తుడుచుకుంది.

"మీ తమ్ముణ్ణి అడగండి."

"తీసుకెళ్ళింది నువ్వట."

"నేనే. ఆయన అన్నీ కుదిర్చాక చెప్దామన్నారు. ముందే చెప్తే మీరు మెట్లెక్కడం మానతారా?"

"నేను చదివాను" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "చదివి కూడా తాను ఎత్తుకున్నారా?"

"చదివాను కాబట్టే ఎత్తుకున్నాను."

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. దొరికిపోయిన మనిషి మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంది. నేను ఆమె పక్కనుంచి దాటుకుని పైకి వచ్చి, తానులు బల్ల మీద దించాను. దించేటప్పుడు నడుములో ఏదో చిటుక్కుమంది. చాలాకాలానికి మోసిన బరువు కదా. అప్పటినుంచి వంగితే పట్టేస్తోంది. నిలబడి కోసేటప్పుడు బల్లకు కొంచెం ఆనుకుంటున్నాను.

"అన్నీ కుదిర్చాక" అన్న మాట నువ్వు గమనించి ఉంటావు. ఏం కుదురుస్తున్నారో ఆమె చెప్పలేదు.

నీ పరీక్ష ఏమైంది? అంకెలు రాయి.

నీ అక్క


హాస్టల్,
ఆగస్టు

అక్కయ్యా,

నా పరీక్ష అయింది. బాగానే ఉంది.

నడుము నొప్పి ఎలా ఉంది? తానులు ఎత్తకు. నేనేదో ఆవేశంలో రాశాను, అది పట్టించుకోకు. వంగి ఊడవకు కూడా. పేలికలు ఒకరోజు నేలమీద ఉంటే ఏం పోదు. రాత్రి లేస్తే దీపం వేసుకుని నడువు.

వదినతో గట్టిగా మాట్లాడకు. డాక్టరు సెలవునుంచి వచ్చేదాకా ఆగొద్దు, ఇంకెవరికైనా చూపించుకో. వదిన తీసుకెళ్తానంటే వెళ్ళు.

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

బొత్తాం


మేడమీది గది,
ఆగస్టు మూడో వారం

బొత్తాం,

నీ ఉత్తరం ఒకటికి నాలుగుసార్లు చదివాను. చదవడానికి అందులో ఏమీ లేదు కాబట్టి అన్నిసార్లు చదవాల్సి వచ్చింది.

నువ్వు రాసే ఉత్తరంలో నవ్వు ఉంటుంది, లేకపోతే తిట్టు ఉంటుంది. ఇందులో రెండూ లేవు. ఒక చొక్కా ఇద్దరు కుడితే చంక దగ్గర తెలిసిపోతుంది. ఈ ఉత్తరం అలా ఉంది. చెయ్యి నీదే, మాట ఇంకెవరిదో. "వదిన తీసుకెళ్తానంటే వెళ్ళు." ఇది నువ్వు రాసిన మాటా?

అంకెలు రాయమంటే బాగానే ఉందని రాశావు. మన ఇంట్లో ఎవరూ కొలత అలా చెప్పరు.

శుక్రవారం పోస్టు అందుకున్నది నేను. మరదలి పేరున ఒక కవరు వచ్చింది. పంపినవారి పేరు లేదు. "వ" కింద నువ్వు తిప్పే కొస నాకు తెలియదా? నీకు అక్షరాలు దిద్దించింది నేను. తెరవలేదు. ఆమె చేతికిచ్చాను. ఆమె అక్కడ చదవలేదు, లోపలికి తీసుకుపోయింది. వచ్చాక కళ్ళు కడుక్కున్నట్టుంది. ఆ సాయంత్రం నా గదిలోకి వచ్చి నడుము ఎక్స్‌రే ఫొటో తీయించుకుందాం రమ్మంది. రానన్నాను.

నేను ఇంతవరకు వాళ్ళిద్దర్నే అనుమానించాను. నువ్వు అటువైపు ఎప్పుడు వెళ్ళావో తెలియలేదు. ఏం చెప్పారు నీకు? వయసైపోయింది, కూర్చోబెడదాం అన్నారా? సరేనన్నావా?

నిన్న ప్రార్థనకు కూర్చుంటే ఒక్క మాటా రాలేదు. ఎవరి మేలు కోరుకోవాలో తోచలేదు. నాకు ఇలా ఎప్పుడూ కాలేదు.

నీకు తెలిసింది నాకు రాయి. మెత్తగా రాయకు.

అక్క


హాస్టల్ స్టోరు గది,
ఆగస్టు, నీ ఉత్తరం అందిన రోజే

అక్కయ్యా,

రాస్తున్నాను. మెత్తగా రాయడం నాకు రాదని నీకు తెలుసు. అందుకే ఆ ఉత్తరం అంత చెడ్డగా వచ్చింది.

నా రిపోర్టులో వెన్నెముక -1.2. తుంటి దగ్గర మాత్రం గీత లేదు, వట్టి 0.3. నేను దాన్ని పట్టుకుని పరీక్ష బండిలో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మీవాళ్ళు ఒకచోట గీత పెట్టడం మర్చిపోయారు అన్నాను. దర్జీ ఇంటి పిల్లను కదా, తప్పు చూపించకుండా ఉండలేను. ఆవిడ కాగితం చూసి, నన్ను చూసి, "ఇది గీత కాదండీ. మైనస్" అంది.

మైనస్ అక్కయ్యా. తీసివేత. సున్నాకు కింద అని.

సున్నా అంటే మంచి వయసులో ఉన్న గట్టి ఎముక, నువ్వు చదివింది సరిగ్గానే చదివావు. గుర్తు లేకుండా ఉంటే దానికి పైన. ముందు ఆ గుర్తు ఉంటే దానికి కింద. అంకె పెద్దదయ్యేకొద్దీ ఇంకా కింద. ఒకటిదాకా ఫరవాలేదట. ఒకటి దాటి రెండున్నర లోపలుంటే పలచబడుతున్నట్టు. మైనస్ రెండున్నర, ఇంకా కిందికి పోతే గుల్లబారినట్టు. నా వెన్ను పలచబడటం మొదలైంది, తుంటి బాగుంది. నేను చెప్పకముందే ఆవిడ చూపు నీ అంకెలున్న ఉత్తరం మీద పడింది, నా చేతిలోనే ఉంది మరి. నీ తుంటి నా వెన్నులాగే మధ్యలో ఉంది, ఇంకొంచెం కింద. నీ వెన్నెముక ఆ రెండున్నర గీత దాటేసింది.

ఇందులో నాన్న తప్పు లేదు, నీ తప్పూ లేదు. మన ఇంట్లో పుట్టినవాళ్ళు ఎవరైనా అలాగే చదువుతారు. కానీ తాను ఎత్తి చూపించమన్నది మాత్రం నేను. నువ్వు నడుములో చిటుక్కుమందని రాసిన ఉత్తరం, ఆవిడ మాట, ఒక్కరోజే వచ్చాయి. నీకెలా రాయను? ఇనుప కాలు అని రాసిన చేత్తోనే ఇది రాయాలి. వారం తిరిగినా రాయలేకపోయాను. నువ్వు మళ్ళీ ఏం మోస్తావోనన్న భయం ఒకవైపు. అందుకే వదినకు రాశాను. జీవితంలో మొదటిసారి. నువ్వు గీతను ఎలా చదివావో చెప్పి, నడుము ఫొటో తీయించమని బతిమాలాను.

వదిన ఒక్క ముక్కే జవాబు రాసింది. "ముందు నడుము. తర్వాత మీ ముగ్గురి తగువు." వదిన అంత తక్కువ మాట్లాడగలదని నాకు తెలీదు.

వాళ్ళేం కుదురుస్తున్నారో నిజంగా నాకు తెలీదు. అడగలేదు. నేను ఎవరి వైపూ వెళ్ళలేదక్కయ్యా. నీ వైపే ఉండి, నీతో బరువు మోయించాను.

తిట్టు. కానీ ముందు ఫొటో తీయించుకో.

నీ బొత్తాం


మేడమీది గది,
సెప్టెంబరు

బొత్తాం,

దీవెనలు. తిట్టడానికి ఏమీ లేదు. ఆ గీతను నువ్వు చదవకముందే నేను చదివాను.

నీ ఉత్తరం చదివాక తలుపు వేసుకుని, పనికోటు అంచుకు వేసిన టాకా విప్పాను. గోడమీద మనందరి ఎత్తూ నాన్న సుద్దతో గీసిన చోట నిలబడి టేపు వదిలాను. నేను నా గీతను అందుకోలేదు. బట్ట సాగలేదు. నేను కుంగాను. ఇది జూన్‌లోనే తెలియాల్సింది. ఎదుటివాళ్ళను కొలవడమే తప్ప నన్ను కొలుచుకునే అలవాటు లేదు.

మరదలితోనే వెళ్ళాను. ఫొటోలో వెన్ను ముందునుంచే కుంగుతున్నట్టు కనబడింది, పైగా వెన్నుపూస ఒకటి కొత్తగా కొంచెం అణిగింది. తాను దించినప్పుడే అయి ఉంటుందట. మందులతో, జాగ్రత్తతో సర్దుకుంటుందన్నారు. వారానికి ఒక మాత్ర ఇచ్చారు, పరగడుపున. వేసుకున్నాక అరగంటసేపు పడుకోకూడదు, నిటారుగా ఉండాలి. ఆ అరగంట ప్రార్థనకు సరిపోతుంది. మాటలు మళ్ళీ వస్తున్నాయి.

ఈ సాయంత్రం దుకాణం మూశాక అందరం ఈ గదికే వచ్చాం. తమ్ముడు బల్లకు ఆ చివర నిలబడ్డాడు, నేను ఈ చివర. మరదలు కిటికీ దగ్గర. నేనే మొదలుపెట్టాను. నన్ను దింపేద్దామనుకున్నారా అని అడిగాను.

"అనుకున్నానక్కా" అన్నాడు తమ్ముడు. "రిపోర్టు చూశాక నాకు నిద్ర పట్టలేదు. మాస్టార్ని బల్ల దగ్గర పెట్టి నిన్ను కింద కూర్చోబెడదామనే అనుకున్నాను. నీతో చెప్పే ధైర్యం లేక అన్నీ కుదిరాక చెప్దామన్నాను."

చూశావా, మన అనుమానం పూర్తిగా అబద్ధం కాదు. అలా ఒప్పుకున్నందుకు వాడిమీద నాకు కోపం తగ్గింది.

అప్పుడు మరదలు నోరు విప్పింది. కాజాలు కుట్టుకునే వదినతో ఈ ఇంట్లో ఒక్కరోజు కూడా వేగలేనని తనే ఒప్పుకోలేదట. మెట్లు కొలిచిన మనిషి వడ్రంగి. పంపించింది మరదలు. వదిన బల్లను వదలదు కాబట్టి బల్లనే దింపితే పోతుంది కదా అని చూసిందట. మలుపు దగ్గర అది తిరగదని వడ్రంగి చెప్పేశాడు. ఇంక దారి లేదని ఊరుకుంటే, నేను తానులు భుజాన వేసుకుని ఎదురొచ్చాను. మెట్టు మీద ఆమె కూలబడింది దొరికిపోయి కాదు.

కిటికీ దగ్గర చల్లగా ఉంటుంది, ఇటు రమ్మన్నాను. వచ్చింది.

ఒక కొలతకు పట్టని బట్టను ఏం చేస్తామో మన ముగ్గురికీ చిన్నప్పటినుంచే తెలుసు. కానీ ఆ మాట తమ్ముడు అనలేడు, నాన్న బల్ల. మరదలు అనలేదు, నా బల్ల. నేనే అన్నాను.

తేలింది ఇది. బల్లను మధ్యకు కోసి, రెండు ముక్కలుగా దింపి, కింద మళ్ళీ కలుపుతారు. అతుకు ఎప్పటికీ కనబడుతుందని తమ్ముడు బాధపడ్డాడు. కుట్టు కనబడని బట్ట ఉంటుందా అన్నాను. కింద తూర్పు వెలుగు దుకాణం ముందు అద్దంలోంచి తప్ప రాదు. అక్కడ బట్టల బొమ్మలున్నాయి. వాటిని తీసేసి ఆ చోటు నాకిస్తానన్నాడు. తానులు ఎత్తడం, దించడం మాస్టారి పని, కోత నాది. మొదటి నెల కూర్చుని కోయాలి. దానికో ఎత్తు కుర్చీ. ఆ కుర్చీ మాట మరదలు ఎత్తింది, నేను కాదనలేదు. నువ్వు మాత్రం బస్తాల దగ్గర అరవడంతో ఆగు, చెయ్యి వెయ్యకు. వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష చేయించుకుని అంకె గుర్తుతో సహా నాకు రాయి.

పై గదిని నువ్వేం చేసుకుంటావని మరదల్ని అడిగాను. ఆ పాత అనుమానం కొంచెం మిగిలే ఉంది.

"బొమ్మల్ని ఎక్కిస్తాను వదినా" అంది. "వాటికి ఎముకలు లేవుగా. ఎన్నిసార్లయినా ఎక్కి దిగుతాయి."

తమ్ముడు సుద్ద నా చేతిలో పెట్టాడు. వడ్రంగి రేపు వస్తాడు. ఎక్కడ కోయాలో గీత నేనే గీశాను.

నీ అక్క